ఆకలి లేదన్న చుక్కలు

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం, నెహ్రూ నగర్‌లోని మా ఇంటి హాల్లో ఒక ఊరు ఊరంతా ఆకలితో చచ్చిపోయింది. చుట్టూ కావలసినంత తిండి ఉండగానే. ఆ సమయంలో నేను వంటింట్లో ఉల్లిపాయ పకోడీలు వేయిస్తున్నాను కనక కళ్ళారా చూడలేదు. "ఫిర్ సే మర్ గయే యార్!" అన్న కేక విని, చిల్లుల గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాను. నూనె చుక్కలు హాలంతా పడ్డాయి. అసలు గొడవంతా చుక్కల గురించేనని అప్పటికి నాకు తెలియదు.

కేక వేసింది లాస్య. మా చెల్లెలి మనవరాలు, ఇక్కడే ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పక్కన తల పట్టుకుని కూర్చున్న కుర్రాడు నీలేశ్, దాని ప్రాజెక్టులో సగభాగం. మేమంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి భిలాయి వాళ్ళమైపోయాం గానీ, నీలేశ్ వాళ్ళది తాతల కాలం నుంచీ ఈ మట్టే. కుమ్హారి నుంచి రోజూ రైల్లో కాలేజీకి వస్తాడు.

"ఎవరే పోయింది?" అన్నాను కంగారుగా.

"అందరూ, అమ్మమ్మా. ఆఖరివాడు ఇప్పుడే పోయాడు."

"పోయింది కరెంటేమో అనుకున్నానే!"

"కరెంటు కాదు దాదీ, మనుషులు," అన్నాడు నీలేశ్, లాప్‌టాప్ నావైపు తిప్పి. "చూడండి. ఏక్ భీ నహీ బచా."

నాకు కంప్యూటర్లతో ఉన్న పరిచయం ఎదురింటివాళ్ళతో ఉన్నటువంటిదే. తలుపు తీసి ఉంటే నవ్వుతాను, లోపలికి మాత్రం వెళ్ళను. అయినా ఆ పిల్లలు ఓపిగ్గా చెప్పారు. తెర మీద ఉన్నది ఒక మైదానం. పచ్చటి మచ్చలు తిండి, నీలం మచ్చలు నీళ్ళు, తిరిగే చుక్కలు మనుషులు. ఒక్కో చుక్క నెత్తిన వెంట్రుకంత సన్నటి గీతలు రెండున్నాయి. ఒకటి ఆకలి కొద్దీ తరుగుతుంది, రెండోది దాహం కొద్దీ. చుక్కలకి ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పరు. ఆకలేస్తే ఇలా చెయ్యి, దాహమేస్తే అలా చెయ్యి, పక్కన మనిషి కనిపిస్తే ఇంకోలా చెయ్యి అని కొన్ని నియమాలు నేర్పి వదిలేస్తారంతే. మనం ఒక కప్పు టీ తాగేలోపు వాళ్ళకి ఏడాది గడిచిపోతుంది. బతకడానికి మనిషి కనీసం ఏమేం చేస్తాడన్నది పిల్లల ప్రశ్న. ఏమీ చెయ్యడు, పోతాడు అన్నది చుక్కల జవాబు. వాళ్ళు సృష్టించిన చుక్కలు వాళ్ళకే పట్టపగలు చుక్కలు చూపిస్తున్నాయన్నమాట.

ఈ ప్రాజెక్టు కోసం లాస్య క్లాసులో పెద్ద యుద్ధమే చేసిందట. అందరూ యంత్రాల మీద చేస్తుంటే తను మనుషుల మీద చేస్తానందట. క్లాసంతా నవ్వినా వినలేదు. వాళ్ళ గైడు గారు మాత్రం ఒక షరతు పెట్టారు. వచ్చే సోమవారం ఆయన కళ్ళెదుట ఆ చుక్కలు ఒక ఏడాది పాటు ప్రాణాలతో ఉండాలి. లేకపోతే ఇది వదిలేసి, లైబ్రరీకి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని హాజరు వేసే ప్రోగ్రాం చేసుకోవాలి.

"లైబ్రరీలో హాజరుకి నేను చచ్చినా కూర్చోను," అంది లాస్య కళ్ళు తుడుచుకుంటూ. "నాలుగేళ్ళు చదివింది అందుకా? చుక్కలు బతకాలి. బస్."

"మళ్ళీ ఒకసారి పుట్టించండి, చూస్తాను," అని పకోడీల పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టి కూర్చున్నాను. నీలేశ్ ఏదో మీట నొక్కాడు. చుక్కలు పుట్టాయి. మొదట్లో బుద్ధిగానే తిరిగాయి. ఆకలి గీత సగానికి రాగానే పచ్చ మచ్చ దగ్గరికి చేరాయి. చేరి, చుట్టూ నిలబడిపోయాయి. ఒక్కటి ముందుకు అడుగు వెయ్యదు. ఒకటి కొంచెం కదులుతుంది, పక్కదాన్ని చూసి వెనక్కి తగ్గుతుంది. అది కదులుతుంది, ఇంకోదాన్ని చూసి అదీ తగ్గుతుంది. అలా తిండి చుట్టూ వణుకుతూ నిలబడి, గీతలు అరిగిపోయి, ఒక్కొక్కటే ఆరిపోయాయి.

ఆ నిలబడడం నాకు బాగా తెలుసు. పెళ్ళిభోజనాల దగ్గర మొదటి బంతిలో ఎవరు కూర్చుంటారా అని గోడవారన నించునే మా చుట్టాలు అచ్చం అలాగే నిలబడతారు.

"వీళ్ళకి మర్యాదలు ఎవరు నేర్పారే?" అన్నాను.

అప్పుడు బయటపడింది. నియమాలు రాయడానికి పిల్లలు ఊరికే ఊహించకుండా, శాస్త్రీయంగా సర్వే చేశారు. లాస్య తనకి తెలిసిన తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ, అంటే ఖుర్సీపార్ నుంచి మా ఇంటి దాకా, తిరిగి పెద్దవాళ్ళని అడిగింది. మీకు ఆకలేస్తోంది, తిండి కొంచెమే ఉంది, పక్కన ఇంకో మనిషి ఉన్నాడు, ఏం చేస్తారు? అందరూ ఒకటే చెప్పారు. ముందు వాళ్ళకి పెడతాం. సరే, వాళ్ళే మీకు పెడతామంటే? వద్దంటాం. నన్నూ అడిగినట్టు గుర్తొచ్చింది. నేనైతే ఇంకో మెట్టెక్కి, "అందరూ తిన్నాక మిగిలితే చూసుకుంటాను తల్లీ," అని కూడా అన్నాను. ఆ ముందురోజే ఫ్రిజ్‌లో మిగిలిన కోవా ఎవరికీ చెప్పకుండా తిన్నదాన్ని!

"అందరి ఆన్సరూ ఒకటే అమ్మమ్మా. డేటా ఎంత క్లీన్‌గా ఉందో అని సంబరపడ్డాం," అంది లాస్య.

నీలేశ్ పకోడీ నములుతూ ఆలోచించాడు. "అంటే దాదీ, మీ తెలుగువాళ్ళందరూ ఝూట్ చెప్పారా?"

"అబద్ధం కాదు నాయనా, మొహమాటం."

"ఓ క్యా హోతా హై?"

దానికి హిందీలో మాట వెతికాను. బడిలో ఇన్నేళ్ళు హిందీలో లెక్కలు చెప్పినదాన్ని, ఈ ఒక్క లెక్కకీ జవాబు దొరకలేదు. మొహం ఒక మాట చెబుతూ ఉంటే నోరు ఇంకో మాట చెప్పడమే మొహమాటం అనుకుంటాను. అది చెప్పాలంటే మా నాన్నమ్మ వంటింట్లోకి వెళ్ళాలి. వెళ్ళాను. పిల్లల్ని కూడా తీసుకువెళ్ళాను.

మా నాన్న విజయనగరం అవతలి పల్లె నుంచి వచ్చి భిలాయి ఉక్కు ప్లాంటులో, బొగ్గు మాడ్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిలో చేరినవాడు. ఖుర్సీపార్‌లో రెండు గదుల ఇల్లు మాది. ముందుగది చుట్టాలది, వెనకగది వంటది. మేం ఎవరు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడి వాళ్ళం. ఇల్లు గడియారంతో నడిచేది కాదు, నాన్న షిఫ్టుతో నడిచేది. ఆయనది పొద్దుటి షిఫ్టయితే మాకూ పెందలాడే తెల్లారేది. రాత్రి షిఫ్టయితే పగలంతా ఇంట్లో గుసగుసలే. ఆయన నిద్ర లేచేదాకా మా తమ్ముడు ఏడుపు కూడా మెల్లిగా ఏడ్చేవాడు. పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేసి, పొగ తగ్గాక లోపలికి తెచ్చేది అమ్మ. ఆ బొగ్గు వాసనలో నాన్నమ్మ పెట్టే ఇంగువ పోపు, వంకాయకూరలో ఆవపెట్టిన ఘాటు, నాన్న చొక్కాల్లోంచి వచ్చే తారు వాసన అన్నీ కలిసి మాకో వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా రోడ్డు వేస్తుంటే నాకు ఆకలేస్తుంది. ఈ మాట డాక్టరుకి చెప్పలేదు.

ఆ ఇంట్లో మాకు అక్షరాలకంటే ముందు నేర్పిన చదువు వద్దనడం. ఎవరింటికైనా వెళ్ళే ముందు నాన్నమ్మ గుమ్మంలో నిలబెట్టి, తల దువ్వుతూ పాఠం చెప్పేది. "ఒలే గుంటా, ఇను. మొదుట ఎడితే ఒద్దను. రెండోపాలి ఎడితే ఇప్పుడే తినీసి ఒచ్చేననను. మూడోపాలి ఎడితే మీయమ్మ మొకం సూడు. అది కళ్ళారిపితే తీసుకో. అదీ సగమే." ఇంత పెద్ద సిలబస్ ఐదేళ్ళ పిల్లకి! అవతలివాళ్ళకీ ఆ పాఠం తెలుసు కనక బండి సాఫీగా నడిచిపోయేది. మేం వద్దనేవాళ్ళం, వాళ్ళు విననట్టు నటించేవాళ్ళు, మేం మళ్ళీ వద్దనేవాళ్ళం, వాళ్ళు చేతిలో పెట్టి గుప్పిట మూసేసేవాళ్ళు. అందరి కడుపూ నిండేది, అందరి మర్యాదా నిలిచేది. ఆ వీధిలో సగం మంది మా జిల్లాల వాళ్ళే కాబట్టి, లోకమంతా ఇలాగే తింటుందని నేను నమ్మాను.

ఆ నమ్మకాన్ని రుక్మిణీ చాచీ ఒక్క పూటలో తీసేసింది. ఆవిడ మా పక్కింటావిడ, నీలేశ్ వాళ్ళలాగే ఇక్కడి మనిషి. పొడుగ్గా, గట్టి గొంతుతో, లోపల ఒకటి బయట ఒకటి లేకుండా ఉండేది. ఒకసారి ఎడ్ల పండగ పోలా నాడు నేను ఏదో గిన్నె తిరిగివ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ ఖుర్మీలు వేయిస్తోంది. గోధుమపిండిలో బెల్లం కలిపి, నువ్వులద్ది వేయించేవి. ఇల్లంతా బెల్లం వాసన. పళ్ళెం నిండా తీసి నా ముందు పెట్టింది. "లే, ఖా లే."

నేను పాఠం ప్రకారం, "నహీ చాచీ," అన్నాను.

"నఈ ఖావస్? చల్, ఠీక్ హే," అని పళ్ళెం తీసి అవతల పెట్టేసి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగిపోయింది.

నేను అక్కడే నిలబడ్డాను. రెండోసారి అడుగుతుందని. అడగలేదు. కాసేపు గోడ మీది బల్లిని చూశాను. గిన్నె గురించి అనవసరమైన వివరాలు చెప్పాను. "ఔర్ కుఛ్?" అంది చాచీ, నిజంగానే నాకింకేమైనా పనుందేమో అనుకుని. ఏమీ లేదని చెప్పి ఇంటికొచ్చి, బియ్యం బస్తా వెనక కూర్చుని ఏడ్చాను. సంగతి తెలిసి అమ్మ నవ్వింది. నాన్నమ్మ మాత్రం నవ్వలేదు. "నువ్వు ఒద్దన్నావు, ఆవిడ నమ్మింది. తప్పెవులిదే?" అని, అటకమీద దాచిన అరిసె తీసి నా చేతిలో పెట్టింది, ఏమీ అడక్కుండా.

ఇదంతా వింటూ నీలేశ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "దాదీ, మా ఆజీ, అదే మా నాన్నమ్మ, కూడా అంతే. నఈ అంటే నఈ! మీ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మీరు చాయ్ మూడుసార్లు ఎందుకడిగారో ఇప్పుడు తెలిసింది. నాకు చెవుడనుకున్నారేమో అనుకున్నాను."

నవ్వొచ్చే కథ అంతవరకే. ఇదే పాఠం ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది కూడా. సూరిబాబు బాబాయి అని, నాన్న వాళ్ళ ఊరివాడు, ప్లాంటులో ఉద్యోగం వెతుక్కుంటూ ఒక ఎండాకాలం మా ముందుగదిలోకి వచ్చాడు. ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు మా ముందుగదికే వచ్చేవారు. నాన్నమ్మ ఆ సమయంలో పెళ్ళికని ఊరెళ్ళింది. ఇంటి పెత్తనం మొదటిసారి అమ్మ చేతికొచ్చింది. చంటి తమ్ముడు, నాన్న రాత్రి షిఫ్టు, వీధి కుళాయి దగ్గర నీళ్ళ కోసం క్యూ. వీటి మధ్య అమ్మకి ఊపిరాడేది కాదు. సూరిబాబు బాబాయి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గోడని ఆనుకుని, గోడకి కూడా బరువవుతానేమో అన్నట్టు నిలబడేవాడు.

"తిన్నావేటి సూరిబాబూ?" అని గుమ్మంలోంచి అడిగేది అమ్మ, చంకలో పిల్లాడితో.

"తినీసేను వదినా. టేసన్ కాడ ఓటల్లో తినీసే ఒచ్చేను."

మామూలు రోజుల్లో అయితే ఆ మాట మా ఇంట్లో చెల్లేది కాదు. కానీ అమ్మకి రెండోసారి అడిగే తీరిక లేదు. ఒకసారి అడిగింది, వద్దన్నాడు, నమ్మింది. తనకి తెలియకుండానే ఆవిడ రుక్మిణీ చాచీ అయిపోయింది. ఆయనేమో రెండో పిలుపు కోసం గోడవారన ఎదురు చూసి, అది రాకపోతే కుళాయి దగ్గర కడుపునిండా నీళ్ళు తాగి పడుకునేవాడు. ఊరికే ఉండడం ఇష్టంలేక మా నీళ్ళు కూడా ఆయనే మోసేవాడు. ఆ నీళ్ళతోనే మేం అన్నం వండుకునేవాళ్ళం.

ఒక పొద్దున కుళాయి దగ్గర, రెండు చేతుల్లో రెండు బకెట్లతో, ఆయన నిలుచున్న చోటే కూలిపోయాడు. నీళ్ళన్నీ ఒలికిపోయాయి. క్యూలో ఆడవాళ్ళు ముందు నీళ్ళ కోసమే కేకలేశారు. తరవాత మనిషిని చూశారు. నేను అక్కడే బిందెతో నిలబడి ఉన్నాను. బాబాయి మొహం గోడ సున్నంలా ఉంది. ఎవరో కొంగుతో విసిరారు, ఎవరో తేలు కుట్టిందన్నారు. అంతలో రుక్మిణీ చాచీ జనాన్ని తోసుకుని వచ్చి, కంటిరెప్ప ఎత్తి చూసి, "భూఖ్ హే, భూఖ్," అని ఇంట్లోకి పరుగెత్తింది. బోరే బాసీ తెచ్చింది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున ఉప్పూ ఉల్లిపాయా వేసుకుని తినే ఇక్కడి చద్దన్నం. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, ముందు ఆ నీళ్ళు చెంచాతో పోసింది, కాస్త తేరుకున్నాక ముద్దలు పెట్టింది. తింటావా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన కళ్ళు తెరిచి, ఆ స్థితిలో కూడా చెయ్యి అడ్డం పెట్టబోయాడు. చాచీ ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది.

అమ్మ చాలా రోజులు మామూలు మనిషి కాలేకపోయింది. నాన్నమ్మ ఊరి నుంచి వచ్చి విషయం విని, కోడల్ని కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. నేను అక్కడే చింతపండు పిక్కలు తీస్తున్నాను.

"నోటినేటడుగుతావే? నోరు మరేద కోసం ఉంది. కళ్ళు సూడు. కూర గరిటి ఎటెల్తే ఆడి కళ్ళు అటెల్తన్నాయా, ఎట్టీ. అడక్కు. గరిటి వొదిలీసి కళ్ళు గోడ మీదకెల్లిపోనాయా, మానీ. ఆడు సచ్చీ దాకా ఎట్టకు."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తిండి విషయంలో ప్రశ్నలు లేవు. వచ్చినవాళ్ళ ముందు పళ్ళెం ఉండేది, అంతే. సూరిబాబు బాబాయికి తరవాత ప్లాంటులోనే పని దొరికింది. పెళ్ళయ్యాక ఆయన పొట్ట ఆయనకంటే ఒక అడుగు ముందు మా ఇంట్లోకి వచ్చేది. ఉక్కు ఊళ్ళో డొక్క ఎండిన మనిషిని బొజ్జతో చూడడం మా అమ్మకి ఎంత సంతోషమో! ఆ బొజ్జ ఏదో తను కొనిపెట్టినట్టు చూసుకునేది.

కథ అయ్యేసరికి పకోడీలు అయిపోయాయి, వానా తగ్గింది. నీలేశ్ అప్పటికే మీటలు నొక్కుతున్నాడు. "మూడుసార్లు అడగాలి. సింపుల్," అన్నాడు. మొదటి రెండుసార్లు చుక్క వద్దన్నా మూడోసారి తినాలని రాశాడు. చుక్కల్ని వదిలారు. అబ్బ, ఏం తినడం! ఏం పెట్టుకోవడం! ఒకదాని వెంట ఒకటి పడి, పట్టుకుని, బలవంతంగా తినిపించాయి. లాస్య చప్పట్లు కొట్టింది. కాసేపటికి ఒకటి ఆరిపోయింది. ఇంకోటి. ఆకలి గీతలన్నీ నిండుగా ఉన్నాయి, దాహం గీతలు మాత్రం అడుగంటాయి.

"నీళ్ళకి ఎవరూ వెళ్ళట్లేదు!" అంది లాస్య. "ఒకళ్ళనొకళ్ళు వదిలితే కదా వెళ్ళడానికి!"

"మా పెద్దాడబిడ్డ గారింటికి వెళ్తే నాదీ ఇదే పరిస్థితి," అన్నాను.

"అమ్మమ్మా, జోకులాపు. సోమవారం అంటే ఎల్లుండే." అంది లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుంటూ. "మీ నాన్నమ్మ గారు ఏమన్నారు? ఫిర్ సే బోలో. గరిటె, కళ్ళు..."

చెప్పాను. లాస్య కళ్ళు మూసుకుని విని, ఒక్కసారి లేచి కూర్చుంది. "నీలేశ్, చుక్క చుక్కని అడగనే అక్కర్లేదు! పక్క చుక్క నెత్తి మీది గీతని చూడాలి. గీత తక్కువుంటే అడక్కుండా పెట్టెయ్యాలి. నిండి ఉంటే వదిలెయ్యాలి."

"ఔర్ అగర్ గీత నిండి ఉండి నఈ అంటే, నఈ మాన్ లో, నమ్మెయ్యాలి," అన్నాడు నీలేశ్. "మా చాచీ రూల్."

"అది మా చాచీ, నాయనా," అన్నాను. "నీకు వరసకి కూడా కాదు."

ఆ రాసింది ఒక్కసారికే కుదరలేదు. మధ్యలో చుక్కలు ఏ కారణం లేకుండా ఒక మూలకి చేరి అక్కడే నిద్రపోవడం, ఒకసారైతే నీళ్ళని తిండనుకుని తినేయడం, అన్నీ జరిగాయి. ఆదివారం కూడా వచ్చారు. నేను ఇడ్లీలు పెట్టాను, ఏమీ అడగలేదు. నీలేశ్ కళ్ళు చట్నీ గరిటె వెంట వెళ్ళడం చూసి, ఇంకో రెండు వేశాను. మధ్యాహ్నానికి చుక్కలు మొదటిసారి ఎండాకాలం దాటాయి. లాస్య గోళ్ళు కొరుక్కుంటూ చూసింది. వానాకాలం దాటాయి. చలికాలంలో రెండు పోయాయి గానీ తక్కినవి ఉన్నాయి. వాటిలో అవి తిరుగుతూ, ఆగుతూ, ఒకదాని పక్కన ఒకటి నిలబడి, మళ్ళీ పనులకి వెళ్ళిపోతూ. దూరం నుంచి చూస్తే అచ్చం మా ఖుర్సీపార్ వీధి. కుళాయి కూడా ఉన్నట్టే.

చూస్తూ చూస్తూ అనుకున్నాను, ఇప్పుడు ఆ వీధి లేదా అని. ఉంది. మొన్నే వెళ్ళాను. ఇళ్ళన్నీ పైకి లేచాయి, కుళాయిలు ఇళ్ళలోకి వెళ్ళిపోయాయి, గుమ్మాలకి ఇనుప జాలీలు వచ్చాయి. ఉక్కు ఊరు కదా, ఇనుముకి లోటేమిటి! మొహమాటమూ తగ్గింది. మా ఇంటికి వచ్చే పిల్లలు "ఆంటీ, ఆకలేస్తోంది, ఏముంది?" అని నేరుగా ఫ్రిజ్ తెరుస్తారు. మొదట్లో గుండె గుభేలుమనేది గానీ, ఇప్పుడు హాయిగా ఉంది. సూరిబాబు బాబాయి ఈ కాలంలో వచ్చుంటే ఫోనులో తెప్పించుకుని గోడవారన తినేవాడు, కుళాయి దగ్గర పడేవాడు కాదు. అది చాలా మంచి విషయం. కాకపోతే మా చుట్టాలు రోజూ పొద్దున ఫోనులో "తిన్నారా?" అని అందరికీ ఒకేసారి పంపిస్తారు, అందరూ బొటనవేలు బొమ్మ పంపిస్తారు. ఆ వేలు పంపినవాళ్ళ కళ్ళెటు చూస్తున్నాయో ఎవరు చూడగలరు? మా నాన్నమ్మ అయితే ఆ ఫోను తిరగేసి, వెనక ఏముందో వెతికేది.

సోమవారం నన్నూ రమ్మన్నారు. వాళ్ళ కాలేజీ భాషలో నేను ఈ విషయంలో నిపుణురాలినట. నా విషయం మొహమాటం కనక ఒప్పుకోక తప్పలేదు. గైడు గారు భిలాయిలో పుట్టిపెరిగిన బెంగాలీ ఆయన. నెమ్మదైన మనిషి, కానీ కళ్ళద్దాల పైనుంచి చూస్తే నేనే హోంవర్కు చెయ్యలేదేమో అనిపించింది. క్యాంటీన్ నుంచి సమోసాలు తెప్పించి, లాప్‌టాప్ పక్కన పెట్టించారు. నీలేశ్ మీట నొక్కాడు. అందరం తింటూ చూశాం. లాస్య మాత్రం ఒక్కటే తీసుకుని, కొరకడం మరిచిపోయి పట్టుకు కూర్చుంది. ఎండలు వెళ్ళాయి, వానలు వెళ్ళాయి. చలి వచ్చింది. నా చీర కొంగు నేనే ముడులు వేస్తున్నానని తరవాత చూసుకున్నాను. ఏడాది నిండింది. చుక్కలు ఉన్నాయి.

లాస్య ఊపిరి వదలబోయింది. గైడు గారు చెయ్యెత్తి ఆపారు. "ఏక్ మినిట్. ఇక్కడ చూడండి." తెరమీద ఒక పచ్చ మచ్చ మీద వేలు పెట్టారు. "ప్రతిచోటా ఇంతే. తిండి అంతా తింటున్నారు, చివర ఒక్క వంతు వదిలేస్తున్నారు. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. ఆకలి ఉంది, తిండి ఉంది, ఎవరూ ముట్టుకోరు. ఇది తప్పు కదా? బతకడం మీద ప్రాజెక్టు చేసి, తినగలిగింది వదిలేస్తే ఎలా? దీన్నెలా ఒప్పుకోను?"

పిల్లలు దాన్ని గమనించలేదు. నీలేశ్ గబగబా నియమాలు వెతికాడు. మిగిలింది ఒక్కటే అయినప్పుడు, చుట్టూ ఉన్నవాళ్ళందరి గీతలూ దాదాపు ఒకేలా ఉంటే, ప్రతి చుక్కా పక్కదానికి వదిలేస్తోంది. అది ఎవరూ రాసిన నియమం కాదు. దానంతటదే వచ్చింది. "సరిచేస్తాం సర్, ఒక్క పూట..." అన్నాడు, మొహం పాలిపోయి.

లాస్య కళ్ళు లాప్‌టాప్ మీద లేవు, పక్కనున్న పళ్ళెం మీద ఉన్నాయి. గైడు గారు దాని చూపు వెంట చూశారు. నేనూ చూశాను. పళ్ళెంలో ఒక్క సమోసా మిగిలి ఉంది. మేం నలుగురం ఉన్నాం.

గైడు గారు పళ్ళెం నావైపు జరిపారు. "లీజియే మేడం."

"అయ్యో, మీరు తీసుకోండి సర్. నాకు చాలు."

ఆయన నీలేశ్ వైపు జరిపారు. నఈ అంటే నఈ అనే వంశంలో పుట్టిన నీలేశ్, "లాస్యా, తూ లే లే," అని దానివైపు జరిపాడు. లాస్య తన చేతిలో ఉన్నది చూపించి, మళ్ళీ గైడు గారి ముందుకే తోసింది. పళ్ళెం ఊరంతా తిరిగి మొదటి చోటికే వచ్చింది.

గైడు గారు దాన్ని కాసేపు చూశారు. తరవాత తెరని చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఉండనీ," అన్నారు. "అది మాత్రం ముట్టుకోకండి. లైబ్రరీ హాజరు ఇంకెవరికైనా ఇస్తాను."

లాస్య నన్ను పట్టుకుని ఎగిరింది, నీలేశ్ కుర్చీ పడేశాడు. నమస్కారాలు, నవ్వులు, వీడ్కోళ్ళు అన్నీ అయ్యి మేం గుమ్మం దాటుతుంటే వెనక్కి తిరిగి చూశాను. గైడు గారు తన కాగితాల్లో మునిగిపోయారు. సమోసా ఫ్యాను గాలికి చల్లారుతూ అలాగే ఉంది. నాకు మాత్రం నిజంగానే ఆకలేస్తోంది.